కామెర్ల కన్ను, తెల్లని శంఖం

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని మనకో సామెత ఉంది. ఎదుటివాడి బుద్ధిని ఎత్తిపొడవడానికే దాన్ని వాడతాం గానీ, దాని వెనక ఉన్న ప్రశ్న చిన్నది కాదు. పైత్యం చేసిన కంటికి తెల్లని శంఖం పసుపుగా కనిపించినప్పుడు తప్పు ఎక్కడ ఉన్నట్టు? శంఖంలోనా, కంటిలోనా, మధ్యనున్న వెలుతురులోనా, చూసినదాన్ని ఫలానా అని తేల్చే బుద్ధిలోనా? నైయాయికులు, మీమాంసకులు, వేదాంతులు ఈ ఒక్క శంఖాన్ని ముందు పెట్టుకుని వందల ఏళ్లు వాదించుకున్నారు. బెంగళూరులో ఫోటోలు దిద్దే పనిలో ఉన్నవాళ్లు ఇవాళ అదే వాదాన్ని ఇంకో భాషలో నడుపుతున్నారు. ఈ ఊళ్లో తెలుగువాళ్ల పెళ్లిళ్లకు కొదవ లేదు, ఆ ఆల్బములు దిద్దే స్టూడియోలకూ కొదవ లేదు. దిద్దే సాఫ్ట్‌వేర్ రాసే ఇంజినీర్లూ ఇక్కడే ఉన్నారు. అడోబీకి ఇక్కడ పెద్ద కార్యాలయమే ఉంది. తెరమీద నిగనిగలాడిన మధుపర్కాల ఎర్రంచు ఒక ప్లగిన్‌లోకి, అంటే దిద్దే సాఫ్ట్‌వేర్‌కు బయటినుంచి తగిలించిన చిన్న ప్రోగ్రాములోకి, వెళ్లి వచ్చేసరికి చచ్చుబడితే, ఎడిటరు ముందున్నది శంఖం ప్రశ్నే. దానికి మన శాస్త్రాల్లో గట్టి జవాబు ఉందనీ, ఆ జవాబు ఫోటో అంటే ఏమిటన్న మన అభిప్రాయాన్నే మార్చేస్తుందనీ నా నమ్మకం.

ఆ ఎరుపు ఎలా చచ్చుబడుతుందో దగ్గరగా చూడాలి. కంప్యూటరుకు రంగు అంటే మూడు అంకెలు: ఎరుపు ఇంత, ఆకుపచ్చ ఇంత, నీలం ఇంత. మామూలుగా ఒక్కోటి సున్నా నుంచి 255 దాకా ఉంటుంది. ఆ అంకెలకు వాటంతట అవి ఏ రంగూ లేదు. 255 అంటే ఏ ఎరుపులో 255 అన్నది ఇంకెవరో చెప్పాలి. ఫైలుకు అంటిపెట్టుకుని ఉండి ఆ మాట చెప్పేదే ప్రొఫైల్. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీలో అన్నిటికన్నా నిండైన ఎరుపు 255 అయితే, సరిగ్గా అదే ఎరుపు 1998 నాటి అడోబీ ఆర్‌జీబీలో 219. రెండు అంకెలూ నిజమే, ఏ కొలతలో చెబుతున్నామో తెలిసినంతవరకు. ఫోటోషాప్ ఎడిట్ మెనూలో ఇందుకు సంబంధించిన ఆదేశాలు రెండున్నాయి. ‘కన్వర్ట్ టు ప్రొఫైల్’ నొక్కితే 255 కాస్తా 219 అవుతుంది, కంటికి కనిపించే ఎరుపు మాత్రం కదలదు. ‘అసైన్ ప్రొఫైల్’ నొక్కితే అంకె కదలదు, ఎరుపే మారిపోతుంది. రంగుల సంగతి తెలియని ప్లగిన్ ఈ రెండో పనిని ఎవరికీ చెప్పకుండా చేస్తుంది. దాని చేతికి 219 వస్తుంది. అది అడోబీ ఆర్‌జీబీలోని 219 అన్న మాట రాదు, వచ్చినా అది వినిపించుకోదు. అంకెలన్నీ ఎస్‌ఆర్‌జీబీవే అన్న అలవాటుతో చదివేస్తుంది. నిండు ఎరుపు మసకబారుతుంది. ప్రోఫోటో ఆర్‌జీబీ లాంటి ఇంకా విశాలమైన కొలతలో ఉన్న ఫోటో అయితే ముఖాలే పాలిపోతాయి.

ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదన్నది గమనించాలి. ఫైలులోని అంకె సరైనదే. ప్లగిన్ చేసిన లెక్కా సరైనదే. మరి తప్పు ఎలా పుట్టింది? నైయాయికులు భ్రమను అన్యథాఖ్యాతి అన్నారు: పసుపు అనేది వేరేచోట నిజంగా ఉంది, దాన్ని తెచ్చి శంఖానికి అంటగట్టడమే భ్రమ. మీమాంసకుల్లో ప్రభాకరుడు దీనికి ఒప్పుకోలేదు. తప్పు జ్ఞానమనేదే లేదన్నాడు. పిత్తంలోని పసుపు కనబడడం నిజం, అది పిత్తానిదని మాత్రం తెలియలేదు. శంఖం కనబడడం నిజం, దాని తెలుపు మాత్రం అందలేదు. రెండింటికీ సంబంధం లేదన్న ఎరుక కలగకపోవడమే మనం భ్రమ అంటున్నది. దీనికి అఖ్యాతి అని పేరు. రామానుజులు శ్రీభాష్యంలో ఇంకాస్త ముందుకు వెళ్లి, కంటి కిరణాలతో పాటు పిత్తం బయటికి వచ్చి శంఖాన్ని కప్పేస్తుందనీ, కాబట్టి చూసేవాడు చూస్తున్నది నిజమైన పసుపునేననీ అన్నారు. ప్లగిన్ సంగతికి ప్రభాకరుడి మాట అచ్చంగా అతుకుతుంది: రెండు నిజాలు, మధ్యలో తెగిపోయిన ఒక ఎరుక. అయితే నైయాయికుడు ఊరుకోడు. ఎరుక లేకపోవడం అనే శూన్యం ఎవరిచేతా ఏ పనీ చేయించలేదు. ముత్యపు చిప్పను చూసి వెండి అని చెయ్యి చాపాడంటే వెండి అని నిశ్చయించుకున్నట్టే కదా అంటాడు. అది సరైన అభ్యంతరమే. ప్లగిన్ కూడా ఖాళీగా ఉండిపోలేదు, ఆ ఖాళీని ఎస్‌ఆర్‌జీబీ అనే తన అలవాటుతో నింపుకుంది. దోషం ఏ సందులోంచి చొరబడుతుందో ప్రభాకరుడు చెప్పాడు, చొరబడ్డాక ఏం చేస్తుందో నైయాయికుడు చెప్పాడు.

ఇంతకీ శంఖానికి తెలుపు అనేది సొంతంగా ఉందా? ఉందని నిస్సందేహంగా చెప్పినవాళ్లలో మన తెలుగువాడు అన్నంభట్టు ఒకడు. తర్కసంగ్రహంలో ఆయన రూపమంటే కన్ను మాత్రమే పట్టగల గుణమని చెప్పి, తెలుపు, నీలం, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, కపిశం, చిత్రం అని ఏడు రకాలు లెక్కపెట్టాడు. ఈ మతంలో రంగు వస్తువుదే. చీకట్లో కూడా అది అక్కడే ఉంటుంది. వెలుతురు దాన్ని చూపిస్తుందంతే. ఈ వాదాన్ని పాతదని తోసెయ్యలేం, పూర్తిగా ఒప్పుకోనూలేం. ఒకే తరంగదైర్ఘ్యం ఇచ్చే సోడియం దీపం కింద ఎర్రచీరా ఆకుపచ్చచీరా నలుపు, గోధుమ ఛాయల్లోకి దిగిపోతాయి. ఏ సాఫ్ట్‌వేరూ ఆ ఫోటోలోంచి ఎరుపును వెనక్కి తేలేదు, ఎందుకంటే తేవడానికి అక్కడ లేదు. చీకట్లో వస్తువుకు మిగిలేది రంగు కాదు, ఏ వెలుతురు పడితే దేన్ని తిప్పి పంపాలో నిర్ణయించే స్వభావం. ఆ స్వభావం మాత్రం వస్తువుదే, మన ఊహ కాదు.

ఈ ప్రశ్నతో బెంగళూరులో ఏళ్లు గడిపిన మనిషి సి.వి. రామన్. విశాఖపట్నంలో బడి చదువు చదివి, 1933లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా ఇక్కడికి వచ్చి, 1948లో తన పేరిట పరిశోధనాలయం పెట్టుకున్న ఆయన, చివరి దశాబ్దంలో పూల రంగుల మీదా, కన్ను రంగును చూసే తీరు మీదా పడ్డారు. 1968లో చూపు గురించి పుస్తకమే వేశారు. ఒక పువ్వు రంగును కంటితో చూసి ఊరుకోకుండా వర్ణపటంగా విడదీసి, ఏ పట్టీ మిగిలింది, ఏది మాయమైంది అని చూడడం ఆయన పద్ధతి. వేసవి మొదట్లో ఈ ఊరి రోడ్ల వెంట పూసే జకరండాను ఆ పద్ధతిలో ఆలోచిస్తే ఫోటోగ్రాఫర్ల ఫిర్యాదు అర్థమవుతుంది. కంటికి ఊదాగా కనిపించే పువ్వు కెమెరాలో తరచూ నీలంవైపు జారిపోతుంది. కెమెరాలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం జల్లెడలు మన కంటిలోని మూడు రకాల శంకు కణాల్లా స్పందించవు. కంటికి ఒకటే అనిపించే రెండు రంగులు కెమెరాకు రెండుగా, కంటికి రెండైనవి దానికి ఒకటిగా తోచవచ్చు. మరి ఎవరి కన్ను ప్రమాణం? 1931లో సీఐఈ అనే అంతర్జాతీయ సంస్థ ఒక ప్రామాణిక ద్రష్టను నిర్ణయించింది. అంతకు ముందు ఇంగ్లండులో డేవిడ్ రైట్ పది మందితో, జాన్ గిల్డ్ ఏడుగురితో చేసిన ప్రయోగాల సారమే ఆ ద్రష్ట. ఇవాళ లోకంలోని ప్రతి ప్రొఫైలూ ఆ పదిహేడు మంది చూపు మీద నిలబడి ఉంది. మన చేతిలోని ఫోనులో జకరండా ఏ ఊదాలో వెలగాలో వాళ్ల కళ్లు కూడా కొంత తేల్చాయన్నమాట.

ఇక్కడే ఒక అభ్యంతరం లేస్తుంది. ఇన్ని మధ్యవర్తిత్వాలు ఎందుకు, దిద్దని ఫోటో, కెమెరా పట్టిన రా ఫైలు ఉంది కదా, అదే సత్యం అనుకోవచ్చు కదా అని. ఏ మార్పూ చెయ్యలేదని గర్వంగా చెప్పుకునేవాళ్ల మాటలో ఉన్నది ఈ నమ్మకమే. దీనికి దార్శనిక రూపం బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు ఇచ్చాడు: కల్పన అంటనిదే ప్రత్యక్షం, పేరూ జాతీ తగిలించిన మరుక్షణం అది ప్రత్యక్షం కాదు. ఆయన తర్కగ్రంథం రాసింది మన వేంగి దగ్గర కొండమీదనేనని చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ విని రాసుకున్నాడు. గొప్ప మాటే, కానీ రా ఫైలుకు అది వర్తించదు. 1976లో కొడాక్ శాస్త్రజ్ఞుడు బ్రైస్ బేయర్ పేటెంటు పొందిన అమరిక ప్రకారం సెన్సరులోని ఒక్కో గడి మూడు రంగుల్లో ఒక్కదాన్నే కొలుస్తుంది. మిగతా రెండింటినీ పక్క గడుల్ని చూసి లెక్కగట్టాలి. అంటే పూర్తయిన ఫోటోలోని రంగు సమాచారంలో మూడింట రెండు వంతులు చూసినది కాదు, ఊహించినది. ఊహించకముందు ఉన్నది చూడ్డానికి పనికిరాని అంకెల వరస. నైయాయికులు నిర్వికల్పక జ్ఞానం గురించి, అంటే పేరూ జాతీ తగలని తొలి ఎరుక గురించి, చెప్పిన మాట దీనికి సరిపోతుంది: అది ఉందని అనుమానంతో, అంటే గుర్తును బట్టి ఊహించి, తెలుసుకోవాల్సిందే గాని, దాన్ని నేరుగా ఎరిగినవాడు లేడు. రా ఫైలును తెరిచి చూశానన్నవాడు చూసింది ఎవరో ఒకరు దానికి చెప్పిన వ్యాఖ్యానాన్నే.

కాబట్టి ఫోటో ప్రత్యక్షం కాదు. పోనీ అనుమానమా? పొగను చూసి నిప్పును ఊహించినట్టు, వెలుగు వేసిన ముద్రను చూసి వస్తువును ఊహిస్తున్నాం అనవచ్చు, చాలామంది అంటారు కూడా. కాని అనుమానానికి వ్యాప్తి, అంటే ఇది ఉన్నచోటల్లా అది ఉంటుందన్న నియమం కావాలి, ఆ వ్యాప్తికి ఉపాధి, అంటే అదనపు షరతు, ఉండకూడదు. నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందనలేం, తడికట్టె అనే ఉపాధి ఉంటేనే పొగ. 219 ఉన్నచోటల్లా నిండు ఎరుపు ఉంటుందనీ అనలేం, అడోబీ ఆర్‌జీబీ అనే ఉపాధి ఉంటేనే. ఆ ఉపాధి అంకెల్లో కనిపించదు; తయారుచేసినవాడు చెబితేనే తెలుస్తుంది. చెబితే తెలిసేది శబ్దప్రమాణం. ఫోటో ఒక సాక్షి మాట. నిన్న మొన్నటిదాకా మనం దాన్ని అపౌరుషేయంలా నమ్మాం: మనిషి చెయ్యి పడలేదు, యంత్రం చూసింది, కాబట్టి పక్షపాతం లేదు అనుకున్నాం. ఆ నమ్మకం ఎప్పుడూ నిజం కాదు. బేయర్ గడుల్లోనూ, పదిహేడు మంది చూపులోనూ, ప్లగిన్ అలవాటులోనూ మనుషులే ఉన్నారు. పౌరుషేయమైన మాటను అడగాల్సిన ప్రశ్నలు వేరు: చెప్పినవాడికి తెలుసా, తెలిసిందే చెప్పాడా, ఏ కొలతలో చెబుతున్నాడో చెప్పాడా.

మాట అయితే మరి నమ్మడం ఎలా? తెరను కొలిచే పరికరం ఉంది. ఆ పరికరం సరైనదని ఎలా తెలుసు? దాన్ని ఇంకో పరికరంతో సరిచూడాలి, దాన్ని ఇంకోదానితో. ఏ జ్ఞానమైనా బయటి రుజువుతోనే ప్రమాణం అవుతుందంటే ఇది తెగదు, అనవస్థ. మీమాంసకుడు కుమారిలభట్టు శ్లోకవార్తికంలో దీనికి చెప్పిన పరిష్కారం నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ఆచరణయోగ్యంగా తోస్తుంది. జ్ఞానం స్వతహాగా ప్రమాణం. దాన్ని తోసెయ్యాలంటే రెండే దారులు, వస్తువు వేరేగా ఉందని చూపే ఇంకో జ్ఞానం రావాలి, లేదా జ్ఞానం పుట్టిన కారణంలో దోషం కనిపించాలి. సరిచూసుకోవడం మూడు నాలుగు జ్ఞానాలతో ఆగుతుందనీ ఆయన అన్నాడు. ప్లగిన్ రోగాన్ని కనిపెట్టడంలో అనుభవజ్ఞులు చేసేదీ ఇదే. షిఫ్ట్ నొక్కిపట్టి ఫోటోషాప్‌ను తెరిస్తే బయటి ప్లగిన్లను పక్కన పెట్టి తెరవనా అని అడుగుతుంది. అలా తెరిచినప్పుడు ఎరుపు బాగుంటే దోషం ప్లగిన్లలో ఉంది. సగం వెనక్కి పెట్టి చూస్తారు, అందులో మళ్లీ సగం. ఏది ఉంటే చెడుతోందో, ఏది లేకపోతే బాగుపడుతోందో చూసే ఈ అన్వయ వ్యతిరేకాల పద్ధతి మన వ్యాకర్తలకూ మీమాంసకులకూ ఎప్పటినుంచో తెలుసు. దీనికి విరుద్ధంగా, ఎరుపు తగ్గగానే తెరను, కెమెరాను, ప్రింటరును, తన కంటినీ ఒకేసారి అనుమానించి కనిపించిన ప్రతి స్లైడరునూ లాగేవాడున్నాడు. అతడు దోషాన్ని తీసెయ్యడు, దానిమీద ఇంకో దోషాన్ని పూస్తాడు. రేపు ఆ ఫైలును సరైన యంత్రంలో తెరిస్తే రెండూ బయటపడతాయి.

రంగు నలుగురి ఒప్పందం మీద నిలిచిందని ఒప్పుకున్నాక, ఎవరికి తోచినట్టు వాళ్లు దిద్దుకుంటే తప్పేమిటి అన్న ప్రశ్నను నేను అన్నిటికన్నా తీవ్రంగా తీసుకుంటాను, ఎందుకంటే దాని దెబ్బ మనుషుల ముఖాల మీద పడుతుంది. పెళ్లి సంబంధాలకు పంపే ఫోటోల్లో అమ్మాయి చామనచాయను రెండు మెట్లు తెల్లబరచడం మనవాళ్లలో మామూలైపోయింది. పసుపు బల్బు కింద తీసిన ఫోటోలో పసుపును తగ్గించడమూ రంగు మార్చడమే, ఇదీ రంగు మార్చడమే కదా అంటారు. కాదు. మొదటిదానికి కారణం చూపించవచ్చు: బల్బు ఉంది, దాని పసుపు ముఖం మీద పడింది, దాన్ని తీసేస్తే ముఖం రంగు బయటపడుతుంది. అది పిత్తానికి వైద్యం. రెండోదానికి వెలుతురులో గాని, కెమెరాలో గాని చూపించడానికి ఏ దోషమూ లేదు. ఉన్నది చూసేవాడి కోరిక. అది శంఖానికి సున్నం కొట్టడం. ఒప్పందం కూడా నిర్దోషి కాదు, నిజమే. కొడాక్ దశాబ్దాల పాటు తెల్లజాతి మహిళ ముఖమున్న ‘షర్లీ’ కార్డులతో ముద్రణ రంగులు సరిచూసుకోమని ల్యాబులకు పంపింది. నల్లని ముఖాలు ఆ ఫోటోల్లో వివరం కోల్పోయాయి. కాని ఆ కార్డు గోడమీద అందరికీ కనబడేలా ఉంది కాబట్టే దాన్ని వేలెత్తి చూపగలిగారు, తరవాత మార్చగలిగారు. ఎవరికీ చెప్పకుండా పనిచేసే తెల్లబరిచే ఫిల్టరును ఎవరు, ఎక్కడ నిలదీస్తారు?

జగత్తే మిథ్య అయినప్పుడు దాని ఛాయల గురించి ఇంత పట్టింపేమిటని అడిగే వేదాంతికి శంకరుడే జవాబు చెప్పాడు. మేలుకొనేదాకా కలలోని వ్యవహారం నిజమైనట్టే, బ్రహ్మజ్ఞానం కలిగేదాకా లోకవ్యవహారమంతా సత్యమేనని సూత్రభాష్యంలో రాశాడు. వ్యవహారంలో తప్పొప్పుల తేడాను ఆయన ఎక్కడా చెరపలేదు. తాడును పామనుకోవడం పొరపాటని ముందు ఒప్పుకుంటేనే ఆ ఉపమానానికి బలం.

ముందు నమ్మాలి అన్న కుమారిలుడి మాట ఈ కాలంలో ప్రమాదం కాదా అన్న అనుమానం మిగిలింది. 2023 నుంచి ఫోటోషాప్‌లోనే, అడిగితే లేనిదాన్ని పుట్టించి ఖాళీ నింపే సాధనం ఉంది. ఇక రంగు సంగతి అటుంచి, మనిషి అక్కడ ఉన్నాడో లేడో కూడా ఫోటో చెప్పలేదు. అయితే కారణంలో దోషం కనిపించినచోట నమ్మకం ఆగాలని చెప్పినవాడూ కుమారిలుడే. ఏ కొలతలో ఉందో, ఎవరు ఏం మార్చారో చెప్పాల్సిన మాట చెరిపేసిన ఫైలు ఆ దోషం ఉన్న ఫైలే. అడోబీ, మైక్రోసాఫ్ట్, బీబీసీ వంటి సంస్థలు 2021లో కలిసి మొదలుపెట్టిన సీ2పీఏ ఒప్పందం ఫోటో తీసినప్పటినుంచీ జరిగిన మార్పులను సంతకంతో సహా ఫైలులోనే దాచే ప్రయత్నం. ప్రొఫైల్ చెయ్యగలిగిన పనికి అది కొనసాగింపు, నేను దాన్ని స్వాగతిస్తాను. కాని సంతకం ఎవరిదో అది చెప్పగలదు; సంతకం పెట్టినవాడి కళ్లెదుట ఏముందో, అతడు దాన్ని ఉన్నదున్నట్టు చెప్పదలిచాడో లేదో చెప్పలేదు. ఆ లోటును ఇంకో ప్లగిన్ పూడ్చదు. శబ్దమంటే ఆప్తుడి ఉపదేశమని న్యాయసూత్రకారుడు గౌతముడు సూత్రం రాస్తే, తాను సాక్షాత్తూ ఎరిగినదాన్ని ఎరిగినట్టు చెప్పదలిచినవాడే ఆప్తుడని దాని భాష్యకారుడు వాత్స్యాయనుడు వివరించి, ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనన్నాడు. బెంగళూరు స్టూడియోలో ఆల్బము దిద్దే కుర్రవాడికీ, ఆ కుర్రవాడు వాడే ప్లగిన్ రాసిన ఇంజినీరుకూ ఆ వరసలో చోటు ఉంది.